పైకి తేట.. లోన కాటు!

*నీళ్లు తేటగా ఉంటే మంచివనుకుంటాం. వాసన రాకపోతే తాగేస్తాం. పచ్చకామెర్లు తెచ్చే వైరస్‌లకు రంగూ లేదు, వాసనా లేదు. నగరం శంషాబాద్ దాటి పరుగెడుతున్న వేళ, మంచినీళ్ల పైపూ మురుగు కాల్వా ఎక్కడ కలుస్తున్నాయో చూసుకోవాల్సిన అవసరంపై ఈ వారం ముఖచిత్ర కథనం.*

తెల్లవారి ఐదు దాటింది. శంషాబాద్ దగ్గరి ఓ కాలనీలో నల్లా వదిలారు. ముందు గుర్రుమంటూ గాలి, ఆ వెనకే ఎర్రటి నీళ్లు, వాటితో పాటు కాస్త మోరీ వాసన. ఇల్లాలు అలవాటుగా మొదటి రెండు బకెట్లూ వాకిట్లో కుమ్మరించింది. మూడో బకెట్‌కి నీళ్లు తేటపడ్డాయి, బిందె పెట్టింది. ఇంతలో పక్కింటివాళ్లు మోటారు వేశారు. ఈ ధార సన్నబడింది. ఆమె గొణుక్కుంటూ తనూ మోటారు బిగించింది. పైన ఓ విమానం చక్రాలు దించుకుని రన్‌వే వైపు వాలిపోతోంది. పిల్లాడు బడికి పోతూ ఆ బిందెలోంచే సీసా నింపుకున్నాడు.

నెల గడిచాక ఆ ఇంట్లో ఒకరికి అన్నం సయించదు. పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది. మూత్రం చిక్కగా పచ్చబడుతుంది, తర్వాత కళ్లు. 'పసిరికలైనట్టున్నయ్, పసరు పోయిద్దాం' అంటుంది అత్త. నెల కిందటి ఆ బిందె నీళ్లు అప్పటికి ఎవరికీ గుర్తుండవు.

నగర శివార్లలో చాలా ఇళ్లకు ఈ ఉదయం కొత్త కాదు. తాగిన రోజే వాంతులూ విరేచనాలూ మొదలైతే నీళ్లను అనుమానిస్తాం. హెపటైటిస్-ఇ లాంటి వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆలోగా నీళ్లు పారిపోతాయి, పైపు పగులు మట్టికింద అలాగే ఉంటుంది, జబ్బు మాత్రం వీధివీధికీ పాకుతుంది.

ఢిల్లీ నేర్పిన పాఠం

మనదేశంలో ఈ జబ్బు చరిత్ర చెప్పాలంటే 1955 శీతాకాలానికి వెళ్లాలి. ఆ ఏడు వరదల తర్వాత ఢిల్లీలో యమున పాయ దారి మార్చుకుంది. నజఫ్‌గఢ్ కాల్వ మురుగు వెనక్కి తన్ని, వజీరాబాద్‌లో నగరం నీళ్లు తోడుకునే చోటికి చేరింది. నీటి శుద్ధి కేంద్రం సిబ్బంది ప్రమాదాన్ని గుర్తించారు. పటిక పెంచారు, క్లోరిన్ పెంచారు. అందుకే టైఫాయిడ్, రక్తవిరేచనాలు పెద్దగా పెరగలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డిసెంబరులో కామెర్లు విరుచుకుపడ్డాయి. రెండు నెలలు తిరక్కుండానే 29 వేల మందికి పైగా మంచం పట్టారు.

బ్యాక్టీరియాను చంపడానికి సరిపోయిన మందు వైరస్‌కు సరిపోలేదు. అప్పట్లో దీన్ని హెపటైటిస్-ఎ అనుకున్నారు. దాచి ఉంచిన రక్త నమూనాలను పాతికేళ్ల తర్వాత పరీక్షిస్తే కాదని తేలింది. ఆ కొత్త వైరస్‌ను 1983లో రష్యన్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలయాన్ కనిపెట్టిన తీరు ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. అఫ్గానిస్థాన్‌లో కామెర్లు సోకిన సోవియట్ సైనికుల మలం నుంచి వడకట్టిన ద్రవాన్ని ఆయనే తాగాడు. నెల దాటాక ఆయనకే కామెర్లు వచ్చాయి. తన మలంలోనే ఆ వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశాడు. మనం ఇప్పుడు హెపటైటిస్-ఇ అంటున్నది దాన్నే.

పైపు మీద మోరీ, మోరీ కింద పైపు

హైదరాబాద్‌కూ ఈ కథ తెలుసు. 2005లో నగరంలో కామెర్లు ప్రబలాయి. పదహారు వందలకు పైగా కేసులు లెక్కకు వచ్చాయి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి వార్డులు నిండాయి. రక్తపరీక్షల్లో దొరికింది హెపటైటిస్-ఇ. దర్యాప్తు బృందాలు నగర పటం ముందేసుకుని ఏ వీధికి ఏ పైపు నీళ్లు వస్తున్నాయో, ఆ పైపు ఏ దారిన వస్తోందో గీసి చూశాయి. మురుగు కాల్వలను దాటుకుంటూ వచ్చే పైపుల నీళ్లు తాగిన చోట్ల జబ్బు ఉద్ధృతి మిగతా ప్రాంతాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. పైపులు బాగుచేశాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

నాలుగేళ్లకు, 2009 మేలో, భోలక్‌పూర్‌లో కలరా ప్రాణాలు తీసింది. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కలరాది బ్యాక్టీరియా, కామెర్లది వైరస్. రెండింటికీ దారి ఒక్కటే, తాగునీటిలో కలిసిన మురుగు.

అసలు పైపులోకి మురుగు ఎలా పోతుంది? నీళ్లు ఒత్తిడితో పారుతున్నంతసేపూ పగులు ఉన్నా నీళ్లే బయటికి చిమ్ముతాయి. మనకు నల్లా రోజంతా రాదు. రోజు విడిచి రోజు ఓ గంటో రెండు గంటలో వదులుతారు. వాల్వు కట్టేయగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు పగులు చుట్టూ నిలిచిన మురుగు లోపలికి జారుతుంది. నల్లాకే మోటారు బిగించి లాగితే ఈ పీల్చుడు మరింత పెరుగుతుంది. అలా చేరిన మురుగు మర్నాడు మొదటి బకెట్లలో కనిపిస్తుంది. మూడో బకెట్‌లో కనిపించదు. కనిపించనంత మాత్రాన వైరస్ పోయినట్టు కాదు.

> నీళ్లతో వచ్చే నలుగురు
>
> హెపటైటిస్-ఇ: మలంతో కలుషితమైన నీళ్ల ద్వారా సోకుతుంది. మామూలు మనుషుల్లో చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. చివరి నెలల్లో ఉన్న గర్భిణులకు సోకితే ప్రతి నలుగురైదుగురిలో ఒకరి ప్రాణం మీదికి రావచ్చు.
>
> హెపటైటిస్-ఎ: చిన్న పిల్లల్లో చాలావరకు గుర్తుపట్టనంత తేలిగ్గా పోతుంది. పెద్దయ్యాక సోకితే బాధ ఎక్కువ. టీకా ఉంది.
>
> రోటా: పసిపిల్లల విరేచనాలకు ముఖ్య కారణం. 6, 10, 14 వారాల్లో చుక్కల మందు వేస్తారు. మనదేశపు రోటావాక్ తయారైంది హైదరాబాద్‌లోనే. సార్వత్రిక టీకాల్లో రోటా చుక్కలను 2016లో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.
>
> నోరో: హాస్టళ్లు, క్యాంటీన్లు, పెళ్లి భోజనాల దగ్గర ఒకేసారి పదుల మందికి వాంతులు పట్టిస్తుంది.

ఎగువన ఉన్న ఊరు

శంషాబాద్ సంగతి ఇంకాస్త వేరు. ఈ ఊరు నీళ్లు తాగడమే కాదు, నగరం తాగే నీళ్లకు ఎగువన కూర్చుంది. 1908 మూసీ వరద తర్వాత నగరానికి రక్షణగా, దాహం తీర్చేందుకు రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. శంషాబాద్ మండలంలోని చాలా ఊళ్ల వాననీరు పల్లానికి పారి చేరేది హిమాయత్‌సాగర్‌కే. వాన నీళ్లు వెళ్లే దారిలోనే మురుగూ వెళ్తుంది.

ఈ ఎరుకతోనే 1996 మార్చి 8న 111వ జీవో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 ఊళ్లలో కాలుష్య కారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, భారీ కట్టడాలు రాకుండా కట్టడి చేసింది. శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, రాజేంద్రనగర్ మండలాల ఊళ్లు ఇందులో ఉన్నాయి. జలాశయాల కోసం పెట్టిన ఈ కట్టడి భారం రైతు మీద పడింది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి ధర లేదని ఇక్కడి రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. వాళ్ల బాధలో అన్యాయమేమీ లేదు. నగరం దాహానికి తాము మాత్రమే ఎందుకు మూల్యం కట్టాలన్నది వాళ్ల ప్రశ్న.

ఈ జీవోకు సుప్రీంకోర్టులో బలం తెచ్చిన కేసు కూడా శంషాబాద్ మండలానిదే. పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టుకోవడానికి ఓ కంపెనీ అనుమతి కోరింది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. వివాదం ఢిల్లీ దాకా వెళ్లింది. ఎం.వి.నాయుడు కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999 జనవరిలో, మళ్లీ 2000 డిసెంబరులో తీర్పులిచ్చింది. తాగునీటి విషయంలో హాని జరిగిందని ప్రజలు రుజువు చేసేదాకా ఆగక్కర్లేదని, హాని ఉండదని చూపించాల్సిన బరువు కట్టదలచుకున్నవారిదేనని చెప్పింది. ఫ్యాక్టరీ వ్యర్థాల గురించి చెప్పిన ఆ సూత్రం వైరస్‌కు ఇంకా బాగా వర్తిస్తుంది. కామెర్లు కనిపించే సమయానికి రుజువు కాల్వలో కొట్టుకుపోయి ఉంటుంది మరి!

2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరుచుకుంది. బాహ్యవలయ రహదారి వచ్చింది. ఇప్పుడు ఏటా రెండు కోట్లకు పైగా ప్రయాణికులు ఈ దారిన వెళ్తున్నారు. వాళ్లకు సేవలందించే వేలాది మంది చుట్టుపక్కల ఊళ్లలో అద్దెకు ఉంటున్నారు. హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు, గోదాములు, గేటెడ్ విల్లాలు వరస కట్టాయి. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో పాత ఆంక్షలను సడలించింది. జలాశయాల నీటి నాణ్యత చెడకూడదని, మురుగు శుద్ధి కేంద్రాలు కట్టాలని అందులోనే షరతు పెట్టింది. ఊళ్లో వినిపించే చర్చంతా సడలింపు చుట్టూనే తిరుగుతోంది. జనం ఆరోగ్యం ఆధారపడింది ఆ షరతు మీద.

బోరు నీళ్లను నమ్ముకుంటే..

'మాకు నల్లా లేదు, బోరే, భయం లేదు' అనేవాళ్లు శివార్లలో చాలామంది కనిపిస్తారు. ఇక్కడి నేల గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో ఉన్న నీళ్లే బోరుకు వస్తాయి. ఇసుక నేలైతే మురుగును కొంత వడకడుతుంది. రాతి పగులు అలా వడకట్టదు. సెప్టిక్ ట్యాంకు నుంచి, ఇంకుడు గుంతలోకి వదిలిన మురుగు నుంచి బయల్దేరిన వైరస్ పగుళ్ల వెంబడి బ్యాక్టీరియా కన్నా దూరం ప్రయాణించగలదు. నూరు గజాల ప్లాటులో ఈ మూల బోరు, ఆ మూల సెప్టిక్ ట్యాంకు ఉంటే మధ్య దూరం ఎంతని! పక్క ప్లాటు వాళ్ల ట్యాంకు మన బోరుకు ఇంకా దగ్గరగా ఉండొచ్చు.

ట్యాంకరు నీళ్లదీ ఇదే తంతు. ఏ బోరులో నింపారో, లోపల ఎప్పుడు కడిగారో కొనేవారికి తెలియదు. ఇరవై లీటర్ల క్యాను మీద 'మినరల్ వాటర్' అని ఉంటుంది. క్యానును ఎలా కడిగారో ఉండదు.

ఇంట్లో పెట్టుకున్న ఫిల్టరు మీదా గుడ్డి నమ్మకం పనికిరాదు. బ్యాక్టీరియాను ఆపే సాధారణ ఫిల్టరు రంధ్రాలు వైరస్ పరిమాణం కన్నా కొన్ని రెట్లు పెద్దవి. బియ్యపు జల్లెడలో రవ్వ పోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఆర్వో పొర చెక్కుచెదరకుండా ఉంటే వైరస్‌ను ఆపుతుంది. యూవీ దీపం నీళ్లు తేటగా ఉంటేనే పనిచేస్తుంది. రెండింటికీ సమయానికి సర్వీసింగ్ చేయించాలి. సంపు గోడ బీటలిచ్చి పక్క మోరీ నీళ్లు ఊరుతుంటే ఏ యంత్రమైనా అలసిపోతుంది.

> 0.2 కాదు.. 0.5
>
> నల్లా చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500) చెబుతోంది. వైరస్‌ల నుంచి రక్షణ కావాల్సి వచ్చినప్పుడు అది కనీసం 0.5 ఉండాలని అదే ప్రమాణం అంటోంది. చుక్కల మందు వేసి రంగు చూసే చిన్న కిట్టుతో దీన్ని ఇంటి ముందే కొలవొచ్చు.
>
> నీటి పరీక్ష అంటే ఎక్కువగా చేసేది కోలిఫాం పరీక్ష. అది చూసేది బ్యాక్టీరియాను. క్లోరిన్‌ను తట్టుకోవడంలో కొన్ని వైరస్‌లు కోలిఫాంలకన్నా మొండివి. కాబట్టి కోలిఫాం లేదంటే వైరస్ లేదని అర్థం కాదు.

పసరు మందు, పోయిన సమయం

కామెర్లొస్తే పసరు పోయించుకోవడం మన ఊళ్లలో తరతరాల అలవాటు. నేల ఉసిరి నూరి ఇచ్చేవారి ఇంటి ముందు పొద్దున్నే పరగడుపున వరస కట్టినవాళ్లను నవ్వులాటగా తీసుకోనక్కర్లేదు. హెపటైటిస్-ఎ, ఇ సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏ మందూ లేకుండానే తగ్గుతుంది. తగ్గిన ఖ్యాతి పసరుకు పోతుంది. వందమంది ఇలా కోలుకుంటే, తగ్గనివాళ్ల మాట ఎవరికీ వినబడదు.

చిక్కంతా ఆ తగ్గనివాళ్ల దగ్గరే. గర్భిణి కళ్లు పచ్చబడితే పథ్యం, పసరు అంటూ వారం గడపడం తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు. నిద్ర మత్తు, మాట తడబడటం, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం కారడం.. కాలేయం చేతులెత్తేస్తోందనడానికి ఇవి గుర్తులు. ఒళ్లు నొప్పులని దుకాణంలో మాత్రలు కొని వేసుకున్నా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద భారం పెరుగుతుంది.

జబ్బు ఒక్కరికే వచ్చినా ఇల్లంతా ఆగిపోతుంది. దినకూలీకి నాలుగు వారాల విశ్రాంతి అంటే నాలుగు వారాల పస్తు. గోదాములో బరువులు మోసేవాళ్లకు, విమానాశ్రయంలో షిఫ్టుల్లో పనిచేసే కాంట్రాక్టు సిబ్బందికి, క్యాబ్ నడిపేవాళ్లకు జీతంతో కూడిన సెలవు ఎక్కడిది? కళ్ల పసుపు పూర్తిగా పోకముందే పనిలోకి దిగుతారు. వంటమనిషో క్యాంటీన్ కుర్రాడో అలా దిగితే జబ్బు ఇంకొందరికి అంటుకుంటుంది.

ఇంకో కొత్త చిక్కు ముంచుకొస్తోంది. పూర్వం హెపటైటిస్-ఎ చిన్నతనంలోనే తెలియకుండా వచ్చిపోయేది, జీవితాంతం రక్షణ మిగిలేది. ఇప్పుడు శుభ్రంగా పెరిగిన పిల్లలు ఆ రక్షణ లేకుండా పెద్దవాళ్లై హాస్టళ్లకు వస్తున్నారు. 2024 వేసవిలో కేరళలోని ఎర్నాకుళం జిల్లా వెంగూరులో తాగునీటి సరఫరా కలుషితమై రెండు వందల మందికి పైగా హెపటైటిస్-ఎ బారిన పడ్డారు. అదే ఏడాది జనవరిలో హైదరాబాద్ సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దేశీయంగా తయారుచేసిన హెపటైటిస్-ఎ టీకా 'హావిష్యూర్‌'ను విడుదల చేసింది. హెపటైటిస్-ఇ టీకాకు చైనా 2011లోనే అనుమతిచ్చింది. మన సార్వత్రిక టీకాల్లో మాత్రం అది లేదు. గర్భిణికి శుభ్రమైన నీళ్లే దిక్కు.

> ఇంట్లో ఇలా..
>
> * అనుమానం ఉన్నప్పుడు కళపెళ మరిగించడమే అన్నిటికన్నా నమ్మదగ్గ దారి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఆగి దించాలి. చల్లారాక అదే గిన్నెలో మూత పెట్టి ఉంచాలి.
> * క్లోరిన్ మాత్ర వేస్తే కనీసం అరగంట ఆగి తాగాలి. బురద నీళ్లలో మాత్ర సరిగా పనిచేయదు. ముందు వడకట్టాలి.
> * నల్లాకు నేరుగా మోటారు బిగించొద్దు. సంపులోకి నీళ్లు దిగాక అక్కడి నుంచి తోడుకోవాలి.
> * ఇంట్లో గర్భిణి ఉంటే వానాకాలం అంతా కాచిన నీళ్లే. బయటి ఐసు, పానీపూరి నీళ్లకు దూరం.
> * జబ్బు మనిషికి వేరే మరుగుదొడ్డి వీలుకాకపోతే, వాడిన ప్రతిసారీ బ్లీచింగ్‌తో శుభ్రం చేయాలి. చేతులకు సబ్బు తప్పనిసరి.
> * నల్లా నీళ్లు రంగు మారినా వాసన వచ్చినా జలమండలి 155313 నంబరుకు చెప్పాలి. ఒకే వీధిలో రెండిళ్లలో కామెర్లు కనిపిస్తే ఆశా కార్యకర్తకు ఆరోజే తెలపాలి.

మురుగు చెప్పే ముందుమాట

మురుగులో శత్రువు మాత్రమే ఉండదు, సమాచారమూ ఉంటుంది. 2016 మే నెలలో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం నుంచి తీసిన నమూనాలో టీకా నుంచి పుట్టి రూపం మార్చుకున్న టైప్-2 పోలియో వైరస్ దొరికింది. దేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొంది రెండేళ్లే అయింది. ఒక్క పిల్లాడికీ కాలు చచ్చుబడలేదు, ఒక్క కేసూ నమోదు కాలేదు. అయినా జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ముప్పున్న బస్తీల్లో మూడు లక్షల మందికి పైగా చిన్నారులకు పోలియో ఇంజెక్షన్ ఇచ్చారు. ఒక సీసాడు మురుగు చెప్పిన కబురు విని జబ్బుకన్నా ముందే కదిలారు.

కొవిడ్ కాలంలో హైదరాబాద్ పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు అదే దారి పట్టారు. నగర మురుగులో కరోనా జన్యు పదార్థాన్ని కొలిచి, 2020 ఆగస్టు నాటికి సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. పరీక్షల లెక్క అందులో చిన్న వంతే. తర్వాత చెరువులు చూశారు. హుస్సేన్‌సాగర్, నాచారం పెద్దచెరువు, నిజాం తలాబ్‌లలో ఆ ఆనవాళ్లు దొరికాయి. శివారు ఎదులాబాద్ చెరువులో, పల్లెలోని పోతురాజు చెరువులో దొరకలేదు. కరోనా ఆ నీళ్ల వల్ల వ్యాపించలేదు. కానీ ఏ చెరువులోకి మనుషుల మురుగు చేరుతోందో ఆ పరీక్ష తేల్చి చెప్పింది. కరోనా చేరిన దారిన హెపటైటిస్-ఇ చేరలేదా?

విమానాశ్రయ నగరాలకు మరో అవకాశం ఉంది. 2022 ఆగస్టు, సెప్టెంబరుల్లో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో దిగిన విమానాల మరుగుదొడ్ల వ్యర్థాలను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ పరీక్షించింది. ఎనభై శాతం నమూనాల్లో కరోనా దొరికింది. ప్రయాణికుణ్ని ఆపి ముక్కులో పుల్ల పెట్టకుండానే కొత్త రకం వైరస్ ఎప్పుడు దిగిందో తెలుసుకునే దారి ఇది. రోటావాక్ పుట్టిన ఊరికి, సీసీఎంబీ ఉన్న ఊరికి ఇది అందని విద్య కాదు.

కాలనీ మీటింగులో మూడు ప్రశ్నలు

ఇంట్లో నీళ్లు కాచుకోవడం అత్యవసరం. అదే ఎల్లకాలపు పరిష్కారమైతే గ్యాసు కొనలేని ఇంటికి రక్షణ లేనట్టే. ఆర్వో కొనగలిగినవారు, కొనలేనివారు అని ఊరు రెండుగా చీలుతుంది. వైరస్‌ను ఆపాల్సిన చోటు వంటగదికి చాలా ముందే ఉంది.

కాబట్టి కాలనీ సంఘం సమావేశంలో పార్కింగ్ గొడవ పక్కనపెట్టి మూడు విషయాలు అడగాలి. మన వీధి తాగునీటి పైపు మురుగు లైనును ఎక్కడెక్కడ దాటుతోంది, ఆ చోట్లు చివరిసారి ఎప్పుడు చూశారు? చివరి ఇంటి నల్లాలో క్లోరిన్ ఎంత మిగిలిందో వారానికోసారి కొలిచి బోర్డు మీద రాస్తున్నారా? మన సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసిన లారీ ఆ మురుగును ఎక్కడ పారబోస్తోంది? మూడో ప్రశ్న అన్నిటికన్నా ఇబ్బందికరమైనది. మన వాకిట్లోంచి లారీ కదలగానే మన బాధ్యత తీరిందనుకుంటాం. ఎగువ ఊరి మురుగు దిగువ ఊరి బిందెకు చేరడం అక్కడే మొదలవుతుంది.

శంషాబాద్ పెరగొద్దని ఎవరూ అనడం లేదు. భూమి ధర వచ్చిన రైతు సంతోషాన్ని కాదనే హక్కూ ఎవరికీ లేదు. పెరిగే వరస మాత్రం మారాలి. ముందు మురుగు లైను, శుద్ధి కేంద్రం. ఆ తర్వాతే లేఅవుట్, ఆ తర్వాతే గృహప్రవేశం. ఈ వరస తిరగబడిన ప్రతి చోటా ఖర్చు మిగిలినట్టే కనిపిస్తుంది, ఆ బిల్లు కొన్నేళ్లకు ఆసుపత్రి కౌంటర్‌లో వేరేవాళ్ల పేరు మీద వస్తుంది.